పేపర్ జర్నల్‌కి పంపే ముందు సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవాల్సిన తనిఖీలు

స్కాలర్ పేపర్ రాసి తెస్తే గైడ్ అడిగే మొదటి ప్రశ్న "సిమిలారిటీ ఎంత వచ్చింది?" అనే. అంటే పేపర్లోని వాక్యాలు వేరే రచనలతో ఎంత శాతం కలుస్తున్నాయని. పది శాతం లోపు వచ్చిందంటే ఇద్దరికీ నిశ్చింత. ఆ రిపోర్టు జత చేసి జర్నల్‌కి పంపేస్తారు. కొన్నాళ్లకి రివ్యూయర్ దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది: టేబుల్ 2లో శాతాలు రోగుల సంఖ్యతో పొసగడం లేదు, 14వ రిఫరెన్సు రిట్రాక్ట్ అయిన (జర్నల్ వెనక్కి తీసుకున్న) పేపర్, ఫిగర్ 3లో రెండు బొమ్మలూ ఒకటే. వీటిలో ఏ ఒక్కటీ సిమిలారిటీ రిపోర్టులో కనబడేది కాదు.

ఇలాంటివి పట్టుకునే టూల్స్ వేరే ఉన్నాయి. వాటిలో చాలావరకు ఉచితం. ఎడిటర్లు, రివ్యూయర్లు, అచ్చయిన పేపర్లలో తప్పులు వెతకడమే పనిగా పెట్టుకున్నవాళ్లు ఇప్పటికే వాటిని వాడుతున్నారు. వాళ్లకంటే ముందు మనమే మన పేపర్ మీద వాడుకుంటే బోలెడు టెన్షన్ తప్పుతుంది. ఏ టూల్‌ని ఏ వరుసలో వాడాలి, దాని మాట ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈ మార్గదర్శి. నా వరుసలో సిమిలారిటీ చెక్ దాదాపు చివర్న వస్తుంది. కారణం అక్కడికి వచ్చాక చెబుతాను.

మొదలుపెట్టే ముందు

ముందు ఒక వెర్షన్ ఖాయం చేయండి. ఫైలు పేరులో తేదీ పెట్టి, తనిఖీ పూర్తయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని సహరచయితలకు చెప్పండి. మీరు ఒక కాపీలో తప్పులు దిద్దుతుంటే ఇంకొకరు పాత కాపీలో వాక్యాలు మారుస్తూ కూర్చుంటే పడిన శ్రమంతా వృథా. లైన్ నంబర్లు ఆన్ చేయండి. పీడీఎఫ్ అయితే ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్షరాలు సరిగ్గా రాకపోతే ఏ టూలూ ఆ ఫైలుని సరిగ్గా చదవలేదు.

తర్వాత, ఫైలు ఎక్కడికి వెళ్తోందో తెలుసుకోండి. కొన్ని టూల్స్ మీ కంప్యూటర్లోనే నడుస్తాయి, కొన్నింటికి అప్‌లోడ్ చేయాలి. మీ సొంత పేపరే అయినా సహరచయితల అంగీకారం కావాలి. రోగుల వివరాలున్న సప్లిమెంటరీ ఫైళ్లను, పేటెంటు వేయబోతున్న విషయాన్ని బయటి సర్వర్లోకి ఎక్కించకండి. రివ్యూ కోసం మీ దగ్గరికి వచ్చిన వేరేవాళ్ల పేపర్‌ని మాత్రం చాట్‌బాట్‌లో పేస్ట్ చేయనే చేయకూడదు. అది మీకు నమ్మి ఇచ్చిన రహస్యం. అమెరికాలోని వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2023 జూన్‌లోనే తన గ్రాంటు దరఖాస్తుల సమీక్షలో జనరేటివ్ ఏఐ వాడకాన్ని నిషేధించింది.

మొదటి అడుగు: రిఫరెన్సులు

ఇది అన్నిటికంటే తేలిక. అందుకే ముందు పెట్టాను. జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని, మీ రిఫరెన్సులన్నీ డీఓఐ నంబర్లతో (ఒక్కో పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్లు) అందులోకి ఎక్కించండి. 2019 నుంచి జొటెరో మీ రిఫరెన్సుల్ని రిట్రాక్ట్ అయిన పేపర్ల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో సరిపోల్చి చూస్తోంది. మీ లిస్టులో ఏదైనా పేపర్ రిట్రాక్ట్ అయి ఉంటే ఎర్ర గుర్తుతో హెచ్చరిస్తుంది. ఆ డేటాబేస్‌ని 2023లో డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ కొని అందరికీ ఉచితంగా తెరిచింది కాబట్టి, కావాలనుకుంటే ఫైలు దించుకుని మీరే వెతుక్కోవచ్చు కూడా.

రిట్రాక్ట్ అయినవి ఎవరు ఉదహరిస్తారులే అనుకోకండి. కోవిడ్ మొదటి వేవ్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్‌లో ఒక పెద్ద పేపర్ వచ్చింది, 2020 మే 22న. జూన్ 4కల్లా రిట్రాక్ట్ అయింది. ఆ రెండు వారాల్లో దాన్ని పీడీఎఫ్‌గా దాచుకున్నవాళ్ల ఫోల్డర్లో అది ఇప్పటికీ నిక్షేపంలా ఉంటుంది, రిట్రాక్ట్ అయిందన్న ముద్ర లేకుండా. పాత పేపర్ల రిఫరెన్సు లిస్టు నుంచి కాపీ కొట్టినప్పుడు ఇలాంటివే వచ్చి చేరతాయి. రిట్రాక్ట్ అయిన పేపర్‌ని అసలు ప్రస్తావించకూడదని కాదు. ప్రస్తావిస్తే ఆ సంగతి పక్కనే రాయాలి.

రెండో ప్రశ్న: ఈ రిఫరెన్సు అసలు ఉందా? చాట్‌బాట్‌తో రిఫరెన్సులు రాయించుకున్న పేపర్లలో లేని వ్యాసాలు, లేని సంచికలు కనబడుతున్నాయి. క్రాస్‌రెఫ్ సెర్చ్‌లో టైటిల్ వేసి చూడండి. డీఓఐ లింకు తెరుచుకుంటే చాలదు, తెరుచుకున్న పేపర్ టైటిల్ మీరు రాసిన టైటిలేనా అని చూడాలి. కల్పించిన డీఓఐ ఒక్కోసారి సంబంధం లేని నిజమైన పేపర్‌కి వెళ్తుంది.

ఆ పేపర్ మీరు చెప్పినదే చెబుతోందా అన్న మూడో ప్రశ్నకి సైట్ (scite) అనే టూల్ కొంత సాయం చేస్తుంది. ఒక పేపర్‌ని ఇతరులు సమర్థిస్తూ ఉదహరించారా, విభేదిస్తూ ఉదహరించారా అన్నది చూపిస్తుంది. అయినా మీ వాదన నిలబడి ఉన్న నాలుగైదు రిఫరెన్సుల్ని మాత్రం తెరిచి చదవక తప్పదు.

రెండో అడుగు: అంకెలు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

స్టాట్‌చెక్‌తో మొదలుపెడదాం. మిషెల్ నౌటెన్, సాషా ఎప్‌స్కాంప్ అనే డచ్ పరిశోధకులు ఆర్ అనే స్టాటిస్టిక్స్ భాషలో తయారుచేసిన ప్యాకేజీ ఇది. ఆర్ రానివాళ్లకి వెబ్ వెర్షన్ ఉంది, పేపర్ అప్‌లోడ్ చేస్తే చాలు. అది చేసే పని చిన్నదే. వాక్యంలో టెస్ట్ విలువ, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత ఫలితం వచ్చే అవకాశం; మామూలుగా .05 లోపు ఉంటేనే ఫలితాన్ని లెక్కలోకి తీసుకుంటారు) మూడూ ఉంటే, మొదటి రెండింటితో పీ విలువని మళ్లీ లెక్కగట్టి మీరు రాసినదానితో పోలుస్తుంది. ఈ చిన్న పనితోనే 1985 నుంచి 2013 దాకా ఎనిమిది సైకాలజీ జర్నళ్లలో వచ్చిన రెండున్నర లక్షలకు పైగా పీ విలువల్ని జల్లెడ పట్టారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం సగం పేపర్లలో కనీసం ఒక పీ విలువ పొసగలేదు. ఎనిమిదింట ఒక పేపర్లో ముగింపే తారుమారయ్యేంత తేడా ఉండవచ్చని తేలింది.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ పేపర్లో ఇలా ఉందనుకోండి: టీ(28) = 1.85, పీ = .04. స్టాట్‌చెక్ దీన్ని లెక్కగట్టి టూ-టెయిల్డ్ టెస్టులో (తేడా ఎటువైపు ఉన్నా లెక్కలోకి తీసుకునేది) పీ విలువ దాదాపు .075 అని చెబుతుంది. మీరు .05 లోపే ఉందని రాశారు, లెక్క మాత్రం పైన చూపిస్తోంది. కాబట్టి దీన్ని మామూలు పొరపాటుగా కాక, నిర్ణయాన్నే మార్చేసే తేడాగా గుర్తు పెడుతుంది. ఇప్పుడు కంగారుపడి పీ విలువ మార్చేయకండి. .075లో సగం .0375, దాన్ని రౌండ్ చేస్తే .04. అంటే మీరు వన్-టెయిల్డ్ టెస్టు చేసి ఆ ముక్క రాయడం మరిచిపోయి ఉండొచ్చు. లేదా 2.15ని 1.85గా టైపు కొట్టి ఉండొచ్చు. ఏది నిజమో మీరు లెక్కలు కట్టిన సాఫ్ట్‌వేర్, అంటే ఎస్‌పీఎస్‌ఎస్ అవుట్‌పుట్ ఫైలే చెప్పాలి. వన్-టెయిల్డ్ అయితే ముందే ఎందుకు అలా నిర్ణయించుకున్నారో మెథడ్స్‌లో రాయాలి. ఫలితం చూశాక నిర్ణయించుకుని ఉంటే మాత్రం ఏ వాక్యమూ దాన్ని కాపాడలేదు.

ఎస్‌పీఎస్‌ఎస్ పేరు ఎత్తాం కాబట్టి ఇంకొకటి. అది .000 అని చూపించగానే మనవాళ్లు పీ = .000 అని దించేస్తారు. పీ విలువ సున్నా కాదు. పీ < .001 అని రాయాలి. స్టాట్‌చెక్ దీన్నీ పట్టుకుంటుంది.

దీనికి పరిమితులున్నాయి. ఏపీఏ (అమెరికా సైకాలజీ సంఘం) పద్ధతిలో రాసిన వాక్యాల్నే చదువుతుంది, టేబుల్స్ జోలికి పోదు. మెడికల్ పేపర్లలో సగానికి సగం అంకెలు టేబుల్స్‌లోనే ఉంటాయి, పీ విలువ పక్కన టెస్ట్ విలువ ఇవ్వరు. అలాంటి పేపర్ ఎక్కిస్తే "ఏమీ దొరకలేదు" అంటుంది. అది చదవలేకపోయింది అని దాని అర్థం. తప్పులు లేవని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. బహుళ పోలికలకు సవరించిన పీ విలువల్ని కూడా ఇది తప్పుగా చూపించవచ్చు.

టేబుల్స్ కోసం గ్రిమ్ టెస్టు ఉంది. నిక్ బ్రౌన్, జేమ్స్ హెదర్స్ 2016లో ముందుకు తెచ్చిన ఈ పద్ధతికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. 23 మంది విద్యార్థులు ఒక ప్రశ్నకి 1 నుంచి 5 లోపు పూర్ణసంఖ్యల్లో మార్కులిచ్చారు, సగటు 3.41 అని టేబుల్లో ఉంది. అందరి మార్కుల మొత్తం పూర్ణసంఖ్యే కావాలి కదా. 23 × 3.41 = 78.43. మొత్తం 78 అయితే సగటు 3.39, 79 అయితే 3.43. 23 మందితో 3.41 ఎలా కొట్టినా రాదు.

అంటే డేటా కల్పించారని కాదు. ఒక విద్యార్థి ఆ ప్రశ్న వదిలేశాడనుకోండి. 75ని 22తో భాగిస్తే 3.409, అంటే 3.41. సమస్య తేలిపోయింది. టేబుల్లో ఆ వరుసకి ఎన్ = 22 అని రాయాలి, అంతే. గ్రిమ్‌లో తేలే తేడాల్లో చాలావాటికి ఇలాంటి మామూలు సమాధానమే ఉంటుంది. కానీ ఆ సమాధానం టేబుల్లో లేకపోతే చదివేవాడికి అనుమానమే మిగులుతుంది.

శాతాలకీ ఇదే లెక్క. 43 మంది రోగుల్లో 37.5 శాతానికి ఇన్‌ఫెక్షన్ వచ్చిందని ఉంది. 43లో 16 అంటే 37.2, 17 అంటే 39.5. మరి 37.5 ఎక్కడిది? 40లో 15 అయితే సరిగ్గా 37.5. అంటే ముగ్గురు ఫాలో-అప్‌కి రాలేదు, వాళ్లని హారంలోంచి తీసేసి పైన మాత్రం 43 అనే ఉంచారు. ఎండీ, ఎంఎస్ థీసిస్‌ల నుంచి పుట్టే పేపర్లలో ఇది చాలా మామూలు. రివ్యూయర్ అడిగేదాకా ఆ ముగ్గురి సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఎక్సెల్‌లో చేసే పద్ధతి: ఒక కాలమ్‌లో సగటు, పక్కన సంఖ్య వేయండి. రెండింటినీ గుణించి రౌండ్ ఫంక్షన్‌తో పూర్ణసంఖ్య చేయండి. దాన్ని మళ్లీ సంఖ్యతో భాగించి రెండు దశాంశాలకు రౌండ్ చేయండి. మొదటి సగటుతో సరిపోకపోతే ఆ గడి రంగు మారేలా పెట్టుకోండి. ఇది పూర్ణసంఖ్యల్లో కొలిచిన వాటికే పనిచేస్తుంది: స్కోర్లు, పిల్లల సంఖ్య, నిండిన ఏళ్లలో వయసు. బరువు, హిమోగ్లోబిన్ లాంటివాటికి వాడితే లేని తప్పులు కనబడతాయి. సంఖ్య వందకి చేరితే రెండు దశాంశాల సగటు మీద ఈ పరీక్షకి పదును ఉండదు. ఒక స్కేల్లో చాలా ప్రశ్నల సగటు తీసుకుంటే, మనుషుల సంఖ్యని ప్రశ్నల సంఖ్యతో గుణించి ఆ అంకెతో పరీక్షించాలి.

కంప్యూటర్‌తో పని లేకుండా కంటితో చూసేది కూడా ఒకటి ఉంది. హాస్పిటల్లో ఉన్న రోజులు 3.1 ± 4.8 అని ఉంటే ఆగండి. రోజులు సున్నాకంటే తగ్గవు, ఎస్‌డీ (± తర్వాతి అంకె, స్టాండర్డ్ డీవియేషన్) మాత్రం సగటుని మించింది. అంటే కొద్దిమంది చాలా రోజులు ఉన్నారు, డేటా ఒకవైపు వాలింది. అక్కడ మీడియన్, ఇంటర్‌క్వార్టైల్ రేంజ్ ఇవ్వాలి. టీ టెస్టు చేసి ఉంటే అదీ మళ్లీ ఆలోచించుకోవాలి.

ఇందాకటి లాన్సెట్ పేపర్ సంగతికి మళ్లీ వద్దాం. అందులో ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో 73 మరణాలు ఉన్నట్టు చూపించారు. అదే తేదీకి జాన్స్ హాప్‌కిన్స్ లెక్కలో ఆస్ట్రేలియా మొత్తానికి కోవిడ్ మరణాలు 67. ఈ తేడా స్టాట్‌చెక్‌కి దొరకదు, గ్రిమ్‌కీ దొరకదు. లోపలి అంకెల్ని బయటి అంకెలతో పోల్చి చూసే మనిషికే దొరుకుతుంది. మీ పేపర్లో జిల్లా జనాభా, ఆసుపత్రి పడకలు, ఏడాదిలో జరిగిన కాన్పులు లాంటి అంకెలుంటే ఒకసారి ప్రభుత్వ లెక్కలతో పోల్చుకోండి.

మూడో అడుగు: ఎక్సెల్ షీట్లు, సెల్ లైన్లు

జీవశాస్త్రం వాళ్లు కానివాళ్లు దీన్ని దాటేయవచ్చు. జీన్ల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంది. సెప్ట్2 అని కొడితే సెప్టెంబర్ 2 అయిపోతుంది, మార్చ్1 అని కొడితే మార్చి 1. 2016లో ముగ్గురు ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్క చూస్తే, సప్లిమెంటరీ ఎక్సెల్‌లో జీన్ల జాబితా ఇచ్చిన పేపర్లలో దాదాపు ఐదో వంతు ఇలా పాడయ్యాయి. చివరికి ఎక్సెల్‌తో వేగలేక, 2020లో జీన్ల పేర్ల కమిటీయే కొన్ని పేర్లు మార్చేసింది. 2023లో ఈ మార్పిడిని ఆపేసే సెట్టింగ్‌ని ఎక్సెల్ ఇచ్చింది. మీ షీట్లో జీన్ పేర్ల కాలమ్‌ని ఒకసారి సార్ట్ చేయండి. తేదీలన్నీ ఒకచోటికి వచ్చి వాటంతట అవే బయటపడతాయి.

సెల్ లైన్ (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే కణాలు) వాడితే సెల్లోసారస్ అనే ఉచిత డేటాబేస్‌లో దాని పేరు వేసి చూడండి. హెప్-2ని ఒకప్పుడు స్వరపేటిక క్యాన్సర్ కణాలనుకునేవారు, నిజానికి అవి హీలా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్) కణాలే. రొమ్ము క్యాన్సర్ లైన్‌గా ఏళ్ల తరబడి వాడిన ఎండీఏ-ఎంబీ-435 మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) నుంచి వచ్చిందని తేలింది. ఇలాంటిదేమైనా ఉంటే ఆ పేజీలోనే హెచ్చరిక కనబడుతుంది. సైస్కోర్ అనే టూల్ మెథడ్స్ భాగాన్ని చదివి, యాంటీబాడీలకు గుర్తింపు నంబర్లు ఇచ్చారా, రాండమైజేషన్, బ్లైండింగ్ గురించి రాశారా అని చూస్తుంది. రాశారా లేదా అనే చూస్తుంది, నిజంగా చేశారా అన్నది దానికి తెలియదు.

నాలుగో అడుగు: బొమ్మలు

మైక్రోబయాలజిస్ట్ ఎలిజబెత్ బిక్ బృందం 2016లో అచ్చువేసిన పరిశీలనలో 20,621 పేపర్ల బొమ్మల్ని కంటితో చూశారు. 3.8 శాతం పేపర్లలో అనుమానించదగ్గ డూప్లికేట్లు దొరికాయి. అప్పుడు కళ్లతో చేసిన పని ఇప్పుడు ఇమేజ్‌ట్విన్, ప్రూఫిగ్ లాంటి సాఫ్ట్‌వేర్లు చేస్తున్నాయి. సైన్స్ పత్రికల గ్రూపు 2024 నుంచి ప్రూఫిగ్ వాడుతోంది. ఇవి డబ్బు పెట్టి కొనాల్సినవి. మీ లైబ్రరీ కొన్నదేమో అడగండి.

లేకపోతే ఇమేజ్‌జే చాలు, ఉచితం. ప్రతి బ్లాట్‌నీ (ప్రోటీన్ పట్టీల బొమ్మ) తెరిచి బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ బాగా పెంచండి. అతికించిన చోట అంచులు తేలతాయి. తర్వాత అన్ని ప్యానెళ్లనూ ఒకే స్లైడ్‌లో పక్కపక్కన పేర్చండి. ఒక్కొక్కదాన్ని 180 డిగ్రీలు తిప్పి, అద్దంలోలా మార్చి కూడా పోల్చండి. విసుగు పుట్టించే పనే, కాదనను.

తప్పు ఎక్కువగా ఎలా జరుగుతుందో తెలిస్తే వెతకడం తేలిక. ఫిగర్ అమరిక చూసుకోవడానికి తాత్కాలికంగా ఒక బొమ్మ పెడతారు, తర్వాత అసలుది పెట్టడం మరిచిపోతారు. లేదా "కంట్రోల్_ఫైనల్_2" లాంటి ఫైలు పేర్లతో గందరగోళపడి రెండు చోట్లా ఒకటే ఎక్కిస్తారు. అందుకే మైక్రోస్కోప్ నుంచి వచ్చిన ఒరిజినల్ ఫైలు పేరు మార్చకుండా దాచుకోండి. ఏ ప్యానెల్ ఏ ఫైలు నుంచి వచ్చిందో ఒక షీట్లో రాసుకోండి. సాఫ్ట్‌వేర్ చూపించే ప్రతి డూప్లికేటూ తప్పు కాదు. అదే దృశ్యాన్ని జూమ్ చేసి చూపించినా, ఒకే మెంబ్రేన్ లోడింగ్ కంట్రోల్‌ని రెండు బ్లాట్లకు వాడినా అది గుర్తు పెడుతుంది. వాటిని మార్చక్కర్లేదు, ఫిగర్ కింద ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

గ్రాఫుల గురించి ఒక్క మాట. తక్కువ శాంపిళ్లున్న కొలతల్ని బార్ గ్రాఫుగా వేస్తే లోపల డేటా ఎలా పరుచుకుందో తెలియదు. విడివిడి చుక్కలుగా వేయండి. కోవిడ్ కాలంలో ప్రిప్రింట్లను (రివ్యూకి ముందే ఆన్‌లైన్లో పెట్టే పేపర్లు) జల్లెడ పట్టిన స్క్రీన్‌ఐటీ అనే వ్యవస్థలో ఇలాంటి బార్ గ్రాఫుల్ని వెతకడానికే బార్జూకా అనే టూల్ ఉండేది. ఇంద్రధనుస్సు రంగుల మ్యాపుల్ని వెతకడానికి జెట్‌ఫైటర్ అని ఇంకొకటి. రంగులు సరిగ్గా గుర్తుపట్టలేని పాఠకుడికి ఆ మ్యాపు ఉపయోగపడదు.

ఐదో అడుగు: రిజిస్ట్రేషన్, చెక్‌లిస్టు

క్లినికల్ ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబర్‌ని వెబ్‌సైట్లో మళ్లీ వేసి చూడండి. నంబర్ సరైనదేనా అన్నది ఒకటి. అక్కడ ప్రైమరీ అవుట్‌కమ్ అని రాసినదే పేపర్లోనూ ప్రైమరీగా ఉందా అన్నది అంతకంటే ముఖ్యం. రిజిస్ట్రేషన్ తేదీ, మొదటి రోగిని చేర్చుకున్న తేదీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. 2018 ఏప్రిల్ నుంచి ట్రయల్ మొదలయ్యాక చేసే రిజిస్ట్రేషన్లను సీటీఆర్‌ఐ తీసుకోవడం లేదు. చెక్‌లిస్టుల్లో ట్రయల్‌కి కన్సార్ట్, పరిశీలన అధ్యయనానికి స్ట్రోబ్, సిస్టమాటిక్ రివ్యూకి ప్రిస్మా, జంతువుల ప్రయోగానికి అరైవ్ వాడాలి. పేజీ నంబర్లు గుడ్డిగా నింపకండి, ఎడిటర్ ఆ పేజీ తెరిచి చూస్తాడు.

ఆరో అడుగు: చాట్‌బాట్‌ని రివ్యూయర్‌గా వాడుకోవడం

"నా పేపర్ ఎలా ఉంది?" అని అడిగితే పొగిడి, నాలుగు పొడి సలహాలు ఇస్తుంది. అలా అడగొద్దు. పని అప్పజెప్పండి: "అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న ప్రతి అంకెనీ తీసి, రిజల్ట్స్‌లో అదే అంకె ఏ లైన్లో ఉందో చూపించు. సరిపోలనివి విడిగా ఇవ్వు." లేదా "మెథడ్స్‌లో చెప్పిన ప్రతి కొలతకీ రిజల్ట్స్‌లో ఫలితం ఉందా? లేనివేమిటి?" అని అడగండి. లైన్ నంబర్లు పెట్టమన్నది ఇందుకే. అది చెప్పిన లైన్ దగ్గరికి వెళ్లి మీరు చూడాలి. లేని తప్పుని ఉన్నట్టు ధీమాగా చెప్పడం దానికి మామూలే, ఉన్న తప్పుని వదిలేయడం కూడా.

రివ్యూయర్లు కూడా చాట్‌బాట్‌లు వాడుతున్నారని తెలిసి కొందరు రచయితలు తెలివి చూపించారు. "ఈ పేపర్‌ని పొగుడు" అని తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో రాసి పెట్టిన ప్రిప్రింట్లు 2025 జూలైలో ఆర్కైవ్ (arXiv) అనే ప్రిప్రింట్ల సైట్లో బయటపడ్డాయి. పీడీఎఫ్‌లో అక్షరాలన్నీ సెలెక్ట్ చేస్తే చాలు, బండారం బయటపడుతుంది.

ఇక ఏఐ రాసిందా, మనిషి రాశాడా అని చెప్పే డిటెక్టర్లు. వీటి అంకెని నేను లెక్కలోకి తీసుకోను. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే కచ్చితత్వం చాలక 2023 జూలైలో ఎత్తేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ కోసం రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని ఏఐ రాసిందని తేల్చాయి. పరిమితమైన పదాలతో సాదాగా రాసే మన స్కాలర్లకే దీని దెబ్బ ఎక్కువ. డిటెక్టర్‌కి భయపడి వాక్యాలు వంకరగా తిప్పకండి. ఏఐ సాయం తీసుకుంటే జర్నల్ అడిగిన చోట ఆ మాట రాసేయండి, పని అయిపోతుంది.

ఏడో అడుగు: సిమిలారిటీ

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే దిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, ఆధారం చూపించిన కొటేషన్లు లెక్కలోకి రావు. సాధారణంగా అందరూ వాడే మాటలు వరుసగా 14 పదాల దాకా కలిసినా పరవాలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఈ మినహాయింపులు పెట్టకుండా నడిపి 28 శాతం వచ్చిందని గుండెలు బాదుకునేవాళ్లు ఎక్కువ. ముందు సెట్టింగులు చూసుకోండి. ఫైలుని రిపాజిటరీలో దాచే ఆప్షన్ ఉంటే డ్రాఫ్టుకి అది తీసేయండి. లేకపోతే రెండోసారి చెక్ చేసినప్పుడు మీ పేపర్ మీ పేపర్‌తోనే పోలి, దాదాపు నూరు శాతం చూపిస్తుంది.

తర్వాత మొత్తం శాతాన్ని వదిలేసి, ఒక్కొక్క సోర్స్ దగ్గర ఎంత కలిసిందో చూడండి. ముప్ఫై పేపర్లతో అర శాతం చొప్పున కలవడం మామూలు భాష. ఒకే పేపర్‌తో ఆరు శాతం, అదీ డిస్కషన్‌లో కలిసిందంటే అది అసలు సమస్య. మొత్తం తొమ్మిదే వచ్చినా సరే.

దీన్ని చివర్న పెట్టడానికి కారణం ఇదీ. శాతం తగ్గించాలన్న కంగారులో చాలామంది పారాఫ్రేజింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఆశ్రయిస్తారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అది సాంకేతిక పదాల్ని కూడా తొక్కుకుంటూ పోతుంది. గిలోమ్ కబనాక్, సిరిల్ లాబె, అలెగ్జాండర్ మగజినోవ్ 2021లో అచ్చయిన పేపర్లలో ఇలాంటి వికృత పదాల్ని బయటపెట్టారు. బ్రెస్ట్ క్యాన్సర్ "బూజమ్ పెరిల్" అయింది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ "కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్" అయింది. బిగ్ డేటా "కొలోసల్ ఇన్ఫర్మేషన్" అయింది. సిమిలారిటీ సాఫ్ట్‌వేర్‌కి ఇవి ఎక్కడా కలవవు కాబట్టి రిపోర్టు శుభ్రంగా వస్తుంది. కబనాక్ బృందం నడిపే ప్రాబ్లమాటిక్ పేపర్ స్క్రీనర్ మాత్రం అచ్చయిన పేపర్లలో ఇలాంటి పదాలనే వెతుకుతుంది. అంటే నాలుగు శాతం తగ్గించుకోబోయి, పేపర్‌నే పోగొట్టుకునే దారి పట్టినట్టు. మెథడ్స్‌లో ఒక ప్రామాణిక పద్ధతిని వర్ణించే వాక్యం వేరే పేపర్‌తో కలిస్తే రిఫరెన్సు ఇచ్చి వదిలేయండి. డిస్కషన్‌లో కలిస్తే ఆ పేపర్ మూసేసి, మీకు అర్థమైనది మీ మాటల్లో మళ్లీ రాయండి. సహరచయితల్లో ఎవరైనా పారాఫ్రేజర్ వాడారేమోనన్న అనుమానం ఉంటే, వింతగా ఉన్న ప్రతి పదబంధాన్నీ కొటేషన్ గుర్తుల మధ్య గూగుల్ స్కాలర్‌లో వెతకండి. మీ రంగంలో ఎవరూ వాడని మాటైతే తెలిసిపోతుంది.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకి ఒక హెచ్చరిక. అను ఫాంట్లలో డీటీపీ చేయించిన ఫైలు సాఫ్ట్‌వేర్‌కి తెలుగుగా కనబడదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగంగా కనబడుతుంది. సున్నా శాతం వచ్చిందని సంబరపడే ముందు యూనికోడ్‌లోకి మార్చి చూడండి.

రిపోర్టులు వచ్చాక

అన్ని టూల్స్ చూపించినవాటినీ ఒకే షీట్లో వేసి మూడు రకాలుగా విడదీయండి: కచ్చితంగా తప్పు, తప్పు కాదు గానీ పేపర్లో వివరణ లేదు, ఉత్త అలారం. రెండో రకమే ఎక్కువ ఉంటుంది. ఫాలో-అప్‌కి రాని ముగ్గురు, ప్రశ్న వదిలేసిన విద్యార్థి, రెండుసార్లు వాడిన కంట్రోల్ ఇందులోకే వస్తాయి. ఒక్కో వాక్యంతో తీరిపోయేవి. మొదటి రకాన్ని దిద్దేటప్పుడు పేపర్‌ని టూల్‌కి సరిపెట్టకండి. అసలు డేటా తెరిచి అనాలిసిస్ మళ్లీ నడిపి, వచ్చిన అంకె వేయండి. ఫలితం మారితే ముగింపు కూడా మారుతుంది. ఆ మాట సహరచయితలందరికీ మెయిల్లో చెప్పండి, కాంటీన్లో కాదు.

మీరు రివ్యూయర్ కుర్చీలో ఉండి వేరేవాళ్ల పేపర్లో ఇలాంటిది చూస్తే మాట జాగ్రత్త. 2016లో క్రిస్ హార్ట్‌గెరింక్ దాదాపు 50 వేల సైకాలజీ పేపర్ల స్టాట్‌చెక్ ఫలితాల్ని, అచ్చయిన పేపర్ల మీద వ్యాఖ్యలు రాసే పబ్‌పీర్ వెబ్‌సైట్లో పెట్టేశాడు. తప్పుడు అలారాల వల్ల రచయితల పేరు పాడవుతోందని జర్మనీ సైకాలజీ సంఘం నొచ్చుకుంది. "టేబుల్ 2లో 37.5 శాతం 43 మందితో రావడం లేదు, హారం ఒకసారి చూడగలరా?" అంటే చాలు. లెక్క వాళ్ల ముందు పెట్టండి, ఉద్దేశాల జోలికి పోవద్దు.

రివ్యూయర్ల సూచనలతో పేపర్ దిద్దాక అంకెల తనిఖీ, రిఫరెన్సుల తనిఖీ మళ్లీ నడపండి. ఇద్దరు రోగుల్ని తీసేయమంటే తీసేస్తాం, టేబుల్ 1 మారుస్తాం, అబ్‌స్ట్రాక్ట్‌లో పాత సంఖ్య అలాగే ఉండిపోతుంది. ప్రూఫులు వచ్చినప్పుడు కూడా టేబుల్స్ వరకైనా ఒకసారి చూడండి. టైప్‌సెట్టింగ్‌లో ఒక దశాంశ బిందువు జారిపోయినా, అచ్చయ్యాక దాన్ని దిద్దాలంటే కరెక్షన్ నోటీసు వేయించాల్సిందే.